సున్నపురాతి కొండల్లో నీటి దారి, నడిచేవారి దారి

మా నిజాంపట్నం వైపు పిల్లలకు కొండ అంటే పాఠ్యపుస్తకంలోని బొమ్మే. రేపల్లె, తెనాలి, బాపట్ల, ఎటు వెళ్ళినా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుమట్టి, వరిచేలు, ఇసుక, సముద్రపు పాయల వెంట మడ అడవులు. బావి తవ్వితే మట్టి తగులుతుంది గాని బండ తగలదు. కంకర కావాలంటే లారీ మీద రావలసిందే. అందుకేనేమో, విహారయాత్ర అనగానే మా పిల్లలు కొండలున్న చోటికి పోదామంటారు. విశాఖపట్నం వెళ్ళి, అక్కడి నుంచి అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు చూసి రావడం వాళ్ళకు పెద్ద సరదా.

సముద్రం సంగతి పుట్టుకతో తెలిసిన పిల్లలు వీళ్ళు. నీళ్ళలో దిగే ముందు అల ఎటు లాగుతోందో చూసుకుంటారు. అదే పిల్లవాడు గుహలో పాదాల కింద సన్నగా నీరు పారుతుంటే, అది ఎక్కడి నుంచి వస్తోంది, ఇంకా ఎంత రావచ్చు అని ఆలోచించడు. ఈ వ్యాసం ఆ నీటి గురించే.

మామూలు కొండకు, సున్నపురాతి కొండకు ఉన్న తేడా అంతా నీటి నడకలోనే ఉన్నది. మామూలు కొండ మీద వాన పడితే నీరు పైన పారి వాగవుతుంది. అది కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. సున్నపురాతి కొండ మీద వాన పడితే నీరు చాలావరకు కొండ లోపలికి దిగిపోతుంది. ఎట్లా దిగుతుందో తెలిస్తే, అక్కడ ఎట్లా నడవాలో ముప్పాతిక భాగం మీకే బోధపడుతుంది.

ఆల్చిప్ప, నాపరాయి, అరుగు

ఒడ్డున దొరికే ఆల్చిప్పను గాని, నత్తగుల్లను గాని తెచ్చి, గాజు గ్లాసులో వేసి, వెనిగర్ పోయండి. వెనిగర్ దొరకకపోతే నిమ్మరసమైనా సరే. చిప్ప ఒంటి మీద సన్నని బుడగలు లేస్తాయి. ఇప్పుడు ఇంటి అరుగు మీద పరిచిన నాపరాయిని ఒక మూల మేకుతో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు వేయండి. (ముందు ఇంట్లో అమ్మను అడిగి గీకండి.) అక్కడా బుడగలే! రెండింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం, కాల్షియం కార్బనేట్. ఆమ్లం తగలగానే అందులోంచి కార్బన్ డై ఆక్సైడ్ వాయువు బయటికి వస్తుంది.

కాబట్టి కొండరాయి మనకు పరాయిది కాదు. సముద్రతీరపు ఊళ్ళలో గుల్లలను బట్టీలో కాల్చి చేసే గుల్లసున్నం, పల్నాడులో పిడుగురాళ్ళ దగ్గర రాయిని కాల్చి చేసే సున్నం, రెండూ ఒక కుదురులోవే. 2022లో బాపట్ల, పల్నాడు వేరు వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకు ముందు ఈ గుల్లలూ ఆ రాళ్ళూ ఒకే గుంటూరు జిల్లా సరుకు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. సున్నపురాయి అంతా గుల్లలు పేరుకుని ఏర్పడిందేనని చాలా పుస్తకాల్లో రాస్తారు. ప్రపంచంలో చాలా కొండల విషయంలో అది నిజం. కాని మన పల్నాడు, కర్నూలు సున్నపురాళ్ళు, బొర్రా రాయి అంతకంటే పాతవి. గట్టి గుల్లలు గల జీవులు భూమి మీద విస్తారంగా కనిపించింది సుమారు 54 కోట్ల ఏళ్ళ కిందట. మన రాళ్ళు అప్పటికే ఉన్నాయి. అప్పటి సముద్రాల నీటిలోంచి, కంటికి కనబడని సూక్ష్మజీవుల సాయంతో దిగిన సున్నం అది. బొర్రా రాయి ఆ తరువాత భూగర్భంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై పాలరాయిలాగా స్ఫటికాలు కట్టింది. కనుక బొర్రాలో శంఖాలు, గుల్లలు వెతకకండి, దొరకవు.

ఒక గ్లాసులో గుహ

ఈ ప్రయోగాన్ని మీ సైన్సు మాస్టారి ఎదుట చేయండి. తాంబూలంలో వేసుకునే తడి సున్నం శనగగింజంత తీసుకుని గ్లాసెడు నీళ్ళలో కలిపి రాత్రంతా కదలకుండా ఉంచండి. పైన తేరిన నీరే సున్నపు తేట. నీళ్ళు పోస్తే పొంగి సలసల మరిగే గడ్డ సున్నాన్ని మాత్రం ముట్టుకోవద్దు. తేట కూడా కంట్లో పడరాదు, నోట్లోకి పోరాదు.

తేటను మరో గ్లాసులోకి వంచి, అందులో అంతే మంచినీళ్ళు కలపండి. ఒక గొట్టంతో లోపలికి గాలి ఊదండి. పీల్చకూడదు సుమా! కొద్దిసేపట్లో తేట పాలలాగా తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బనేట్ అయింది. నీటిలో కరగదు కనుక తెల్లగా కనబడుతోంది. ఇంతవరకు మీకు తెలిసిన పాఠమే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపకుండా ఊదుతూనే ఉండండి. అలసిపోతే స్నేహితుడికి ఇంకో గొట్టం ఇచ్చి ఊదమనండి. నెమ్మదిగా తెలుపు పలచబడి, మళ్ళీ తేటగా అవుతుంది! వాయువు ఎక్కువైనప్పుడు కాల్షియం కార్బనేట్ కాల్షియం బైకార్బనేట్‌గా మారుతుంది. అది నీటిలో కరుగుతుంది. గ్లాసులో ఇప్పుడు కనబడకుండా కరిగి ఉన్నది రాయే.

ఈ తేటను సన్నని మంట మీద వేడి చేస్తే వాయువు లేచిపోతుంది, తెలుపు తిరిగి వస్తుంది. కరిగిన రాయి మళ్ళీ రాయయింది.

గుహ పుట్టడమూ, గుహలో ఊడల్లాంటి రాళ్ళు వేలాడడమూ ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. వాననీరు గాలిలోంచి కొంత కార్బన్ డై ఆక్సైడ్‌ను కలుపుకుంటుంది. గాలిలో అది 0.04 శాతమే. కాని వేర్లు, కుళ్ళే ఆకులు, మట్టిలోని క్రిములు ఊపిరి వదిలే చోట, మట్టి రేణువుల మధ్య గాలిలో అది 1 శాతం దాకా, ఒక్కొక్కచోట అంతకు మించి కూడా ఉంటుంది. అడవి నేలలోంచి దిగిన నీరు ఆ వాయువునంతా మోసుకుని రాతి బీటల్లోకి జారుతుంది. రోజుకు ఇంత అని కంటికి కనబడని కొలతలో రాయి కరుగుతుంది. బీట చీలిక అవుతుంది, చీలిక గొట్టమవుతుంది, గొట్టం లక్షల ఏళ్ళకు మనిషి నడిచే సొరంగమవుతుంది. తరువాత ఆ కప్పు నుంచి జారే ఒక్కొక్క చుక్క, గుహ గాలిలోకి వాయువును వదిలేసి, తాను మోసుకొచ్చిన సున్నాన్ని కాస్త అక్కడే విడిచిపెడుతుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైటులు, కింది నుంచి లేచేవి స్టాలగ్మైటులు. చాలా గుహల్లో వీటి పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన బెత్తెడు ముక్క విరిచి జేబులో వేసుకున్న వాడు ఏడెనిమిది వందల ఏళ్ళ పనిని విరిచాడన్నమాట.

స్లొవేనియా, ఇటలీ సరిహద్దుల్లో ఇటువంటి నేలలున్న పీఠభూమి ఒకటి ఉంది. దాని పేరు మీదుగా శాస్త్రజ్ఞులు ఈ రకపు నేలలన్నిటినీ కార్‌స్ట్ నేలలంటారు.

ఆవు పడిన రంధ్రం

బొర్రా గుహలు ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి. గుహ లోతు 80 మీటర్ల దాకా ఉంటుంది. విశాఖపట్నం నుంచి అరకు వైపు వెళ్ళే రైలులో, సొరంగం తరువాత సొరంగం దాటి, బొర్రా గుహలు స్టేషనులో దిగవచ్చు. గోస్తని నది ఈ కొండల్లోనే పుట్టి, గుహ గుండా పారి, తాటిపూడి జలాశయం మీదుగా వెళ్ళి భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది.

అక్కడివారు చెప్పే కథ ఒకటున్నది. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి రంధ్రంలోంచి జారి కింద గుహలో పడిందట. వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి ఆవు క్షేమంగా కనబడిందట, లింగంలాంటి రాయి కూడా కనబడిందట. ఆవు పొదుగు నుంచి నది పుట్టిందని గోస్తని అనే పేరు. లింగమని కొలిచే ఆ రాయి ఒక స్టాలగ్మైటు. శివరాత్రికి చుట్టుపక్కల గిరిజనులు వచ్చి పూజ చేస్తారు.

కథ సంగతి ఎట్లా ఉన్నా, అందులో ఒక నిజమైన భూగర్భశాస్త్ర పాఠం ఉంది. సున్నపురాతి కొండ మీద నడిచేటప్పుడు మీ కాలి కింద కప్పు ఉన్నది, దాని కింద ఖాళీ ఉన్నది. కప్పు పలచబడిన చోట కూలి రంధ్రం పడుతుంది. గడ్డి, తుప్పలు పెరిగి రంధ్రం మూతి కనబడదు. గిట్టలున్న ఆవుకే తెలియలేదు, చెప్పులేసుకున్న మనకేం తెలుస్తుంది? కొండల్లో నలిగిన బాట వదిలి అడ్డదారిన పోవద్దని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. గిన్నెలాగా గుంటపడిన నేల కనబడితే దాని అంచున నిలబడి తొంగి చూడకండి, లోపలికి రాళ్ళు విసరకండి. వాననీరంతా ఒకే చోటికి పోయి మాయమవుతుంటే, అక్కడ దిగువకు దారి ఉన్నదని అర్థం.

విశాఖపట్నం ఊరి పక్క కొండలు, అంటే కైలాసగిరి, కంబాలకొండ, డాల్ఫిన్స్ నోస్, ఈ రకం కావు. అవి ఖొండలైటు అనే రాతివి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి పెట్టారు. అది నీటికి ఇట్లా కరగదు. అక్కడ జారిపడే భయం ఉన్నది గాని, నేల కుంగే భయం ఇటువంటిది కాదు. ఒక కొండ దగ్గర నేర్చిన జాగ్రత్త ఇంకో కొండకు సరిపోదని చెప్పడానికి ఈ మాట అన్నాను.

వాన ఎక్కడో, వరద ఇక్కడ

2018 జూన్ 23న థాయిలాండు ఉత్తరాన చియాంగ్ రాయ్ రాష్ట్రంలో, మీ వయసు పిల్లలే, 11 నుంచి 16 ఏళ్ళ లోపు వాళ్ళు 12 మంది ఫుట్‌బాల్ ఆడిన తరువాత తమ సహాయ శిక్షకుడితో కలిసి థామ్ లుయాంగ్ అనే గుహలోకి వెళ్ళారు. సున్నపురాతి కొండ అది, అటవీ వనం కింద రక్షణలో ఉన్న చోటు. జూలై నుంచి నవంబరు దాకా గుహలో వరద ప్రమాదమున్నదని ద్వారం దగ్గర బోర్డు కూడా ఉంది. వాళ్ళు వెళ్ళింది జూన్ చివర. బోర్డు ప్రకారం ఇంకా వారం ఉన్నది. కాని వాన బోర్డు చదివి రాదు గదా! వాళ్ళు లోపల ఉండగా కొండ మీద పెద్ద వాన కురిసింది. తిరిగి రావలసిన దారి నీటితో నిండింది. నీరు తరుముతుంటే వాళ్ళు ఇంకా లోపలికి, ద్వారం నుంచి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఒక ఎత్తైన మట్టి గట్టు మీదికి చేరారు.

జూలై 2న బ్రిటిష్ ఈతగాళ్ళు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ వాళ్ళను కనుగొన్నారు. అప్పటికి తొమ్మిది రోజులు దాటాయి. పిల్లలు గుహ గోడల నుంచి కారే నీరు తాగి బతికారు. జూలై 8, 9, 10 తేదీల్లో, మత్తుమందిచ్చి, ముఖానికి గాలి ముసుగు తొడిగి, ఒక్కొక్కరిని నీటి అడుగు నుంచి బయటికి తెచ్చారు. పదమూడు మందీ బతికారు. ప్రాణవాయువు సిలిండర్లు చేరవేసి వస్తూ థాయి నౌకాదళ మాజీ సైనికుడు సమన్ కునాన్ జూలై 6న చనిపోయాడు.

ఈ కథలో శాస్త్ర విద్యార్థి గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. సహాయకులు గుహ లోపల పెద్ద పంపులు పెట్టి నీరు తోడారు. మన దేశపు కిర్లోస్కర్ సంస్థ నిపుణులు కూడా ఆ పనికి వెళ్ళారు. అంతటితో సరిపోక, కొందరు గుహ వదిలి పైన కొండ ఎక్కారు. అడవిలో వాగులు ఎక్కడెక్కడ రంధ్రాల్లోకి దిగుతున్నాయో వెతికి, వాటికి అడ్డుకట్టలు వేసి, గొట్టాలతో పక్కకు మళ్ళించారు. గుహలోని నీరు గుహలో పుట్టింది కాదని వాళ్ళకు తెలుసు.

ఒక లెక్క వేద్దాం. 1 చదరపు కిలోమీటరు కొండ మీద 5 సెంటీమీటర్ల వాన కురిసిందనుకోండి. మొత్తం నీరు 50,000 ఘనమీటర్లు, అంటే 5 కోట్ల లీటర్లు. ఇదంతా 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల ఒకే సొరంగం గుండా పోవాలి. నీటి వేగం సెకనుకు 1 మీటరు అనుకుంటే, సొరంగం కప్పు దాకా నిండి పారినా సెకనుకు 4 ఘనమీటర్లే పోతుంది. మొత్తం పోవడానికి 12,500 సెకన్లు, దాదాపు మూడున్నర గంటలు. అంతసేపూ ఆ సొరంగంలో ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదు. వాన కురిసింది మాత్రం అరగంటే కావచ్చు! పైగా ఆ వాన కురిసిన చోట మీరు లేరు. గుహ ముందు ఎండ కాస్తూ ఉండవచ్చు.

కార్తీకమాసంలో వనభోజనాలని, విహారయాత్రలని బయలుదేరతాం. మన తీరానికి అది తుఫానుల కాలం కూడా. మా నిజాంపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చూసి పడవ తీయాలా వద్దా అని మత్స్యకారులు నిర్ణయించుకుంటారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. సముద్రం మీద లేచిన తుఫాను కనుమలకు తగిలితే కుంభవృష్టి కురుస్తుంది. రేవులో సూచిక ఎగిరిన రోజున కొండల యాత్ర కూడా మానుకోవలసిందే. కొండల్లో ఎవరూ జెండా ఎగరేయరు.

బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ సూచన చూడండి. మీరు వెళ్ళే ఊరిది చూస్తే చాలదు, నది ఎగువనున్న కొండలదీ చూడాలి. గుహలోగాని, జలపాతం కింద మడుగులోగాని ఉన్నప్పుడు తేట నీరు ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా, నీటి చప్పుడు మారినా, ఫోటో సంగతి మరిచి వెంటనే ఎత్తైన చోటికి రండి. మోకాలి లోతే గదా అని వాగు దాటకండి. నీటి వేగం రెట్టింపయితే అది కాలిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. వాగు తగ్గేదాకా ఇవతలే కూర్చుంటే పోయేది రెండు గంటల కాలం, ఒక పూట భోజనం.

కనబడని వాయువు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు బొర్రా లాగా కొండ మీద లేవు. చదునైన పొలాల కింద ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. 1982, 83లలో డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మన్ బృందం కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో ప్రజలకు తెరిచారు. అక్కడికి వెళ్ళిన వారికి లోపల ఉక్కపోస్తుంది, అక్కడక్కడ గొట్టాల నుంచి గాలి వస్తుంది. ఆ గాలి యంత్రాలతో పైనుంచి పంపుతున్నది. ఎందుకంటారా?

గుహ చేసిన వాయువే గుహలో మిగిలి ఉంటుంది. రాయిని కరిగించిన నీరు చుక్కచుక్కగా విడిచే కార్బన్ డై ఆక్సైడ్, పైన మట్టిలోంచి దిగేది, లోపలికి వెళ్ళిన మనుషులు వదిలేది, అన్నీ కలుస్తాయి. దీని అణుభారం 44, గాలిది సగటున 29. కాబట్టి గాలి కదలని చోట ఇది పల్లానికి దిగి గుంటల్లో నిలుస్తుంది. రంగు లేదు, గుర్తుపట్టే వాసన లేదు. ముందు ఊపిరి వేగమవుతుంది, తల నొప్పి పుడుతుంది, మగతగా ఉంటుంది. తరువాత కాళ్ళు మాట వినవు.

పాడుబడ్డ బావిలో బాల్టీ కోసం ఒకడు దిగి పడిపోవడం, వాడిని తీయడానికి ఇంకొకడు దిగి వాడూ పడిపోవడం, అటువంటి వార్తలు ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. రెండోవాడు చనిపోయింది ధైర్యం లేక కాదు, వాయువు సంగతి తెలియక. గుహలోనైనా బావిలోనైనా ఒకరు పల్లంలో కూలితే, మీరు దిగకండి. పైనుంచి కేకలు వేసి, 112కు గాని 108కు గాని చెప్పి, గాలి సిలిండరు ఉన్నవారి కోసం ఆగాలి. ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

దీపం వెలుగుతుంటే గాలి మంచిదేనని పెద్దలు చెబుతారు. సగం నిజం. ప్రాణవాయువు బాగా తగ్గితే దీపం ఆరుతుంది. కాని ప్రాణవాయువు దీపానికి చాలినంత ఉండి, కార్బన్ డై ఆక్సైడ్ మనిషికి హాని చేసేటంత ఉండడం కూడా జరుగుతుంది. కనుక ఆరిన దీపాన్ని నమ్మండి, వెలిగే దీపాన్ని నమ్మకండి. దారిపొడవునా దీపాలు, కాపలావారు ఉన్న బొర్రా, బెలూం వంటి చోట్ల గీసిన గీత లోపల ఉన్నంతవరకు ఈ భయం అక్కరలేదు. ఆ గీత దాటి పక్కనున్న చీకటి బిలంలోకి దూరితేనే ఇబ్బంది.

సముద్రం ఒడ్డున దాహం

సున్నపురాతి కొండ నేరుగా సముద్రంలోకి దిగితే ఎట్లా ఉంటుంది? మన తీరంలో అటువంటిది లేదు. ఫ్రాన్సు దక్షిణాన మార్సెయ్ నగరం పక్కన ఉన్నది. దాని పేరు కలాంక్. తెల్లని కొండలు నీలి సముద్రంలోకి నిటారుగా దిగుతాయి. 2012లో దాన్ని జాతీయ వనం చేశారు. కాలినడక యాత్రికులు వేలకొద్దీ వస్తారు. అక్కడి వింత ఏమిటంటే, కొండంతా తిరిగినా తాగడానికి వాగుగాని ఊటగాని కనబడదు. పడ్డ వాన పడ్డట్టే రాతిలోకి పోతుంది. కాసీ అనే ఊరి పక్క పోర్ట్‌మియూ అనేచోట ఆ నీరంతా భూమి అడుగునే నదిలాగా పారి, సముద్రపు అడుగునే బయటపడుతుంది. పైన నడిచేవాడు దాహంతో అలమటిస్తాడు, వాడి కాళ్ళ కిందే నది.

పైన నీరు నిలవదు కనుక వేసవిలో తుప్పలు ఎండి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. అందుచేత జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి అధికారులు ప్రతిరోజూ ఆ రోజు కార్చిచ్చు ప్రమాదం ఎంతో ప్రకటిస్తారు. ప్రమాదం మరీ ఎక్కువైన రోజున కొండ దారులన్నీ మూసేస్తారు. అదే తీరంలో 1985లో ఆన్రి కొస్కేర్ అనే ఈతగాడు సముద్రంలో 37 మీటర్ల లోతున ఒక గుహ ద్వారం కనుగొన్నాడు. లోపల వేల ఏళ్ళ నాటి గుర్రాల బొమ్మలు, మనిషి చేతి ముద్రలు ఉన్నాయి. అవి గీసిన కాలంలో సముద్రం ఎంతో దిగువన ఉండేది, మనుషులు నడిచి వెళ్ళారు. 1991లో అదే గుహ సొరంగంలో ముగ్గురు ఈతగాళ్ళు దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మన అనంతగిరి పచ్చనిది, ఇంత ఎండిన చోటు కాదు. అయినా సున్నపురాతి కొండ మీద ఊట దొరుకుతుందిలే అనుకుని ఖాళీ సీసాతో బయలుదేరవద్దు. ఎండలో ఎక్కేవారికి గంటకు అర లీటరు చొప్పున నీరు కావాలి. నాలుగు గంటల నడకకు రెండు లీటర్లు, మీరే మోయాలి. ఊట కనబడినా కాచకుండా తాగవద్దు. మట్టి, ఇసుకల గుండా నెమ్మదిగా దిగిన నీరు కొంత శుభ్రపడుతుంది. సున్నపురాతి గొట్టాల్లో నీరు వడపోత లేకుండా పరుగెత్తి వస్తుంది. పైన పశువుల కొట్టం పక్క నుంచి వచ్చిందే కావచ్చు.

మిగతావి త్వరగా చెబుతాను. చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. తడిసిన సున్నపురాయి సబ్బులాగా జారుతుంది, ఎండినది అంచుల్లో కత్తిలాగా ఉంటుంది. గుహలో దీపాలు ఆరిపోతే కళ్ళు చీకటికి అలవాటు పడతాయని ఎదురుచూడకండి. రాత్రి పెరట్లో చుక్కల వెలుగైనా ఉంటుంది, గుహలో అదీ లేదు, కన్ను ఏమీ చేయలేదు. అందుకే గుహ పరిశోధకులు ఒక్కొక్కరు మూడేసి దీపాలు తీసుకువెళతారు. మీరు చూపరులే అయినా ఒక టార్చిలైటు ఉంచుకోండి. ఉరుము వినబడితే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద ఉండకండి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎన్నింటికి తిరిగివచ్చేదీ ఇంట్లో గాని, కింద ఊళ్ళో గాని కాగితం మీద రాసి ఇవ్వండి. కొండల్లో సెల్‌ఫోను చాలాచోట్ల పలకదు. పలకని చోట పనికొచ్చేది రెండు రూపాయల ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ ఆరుసార్లు ఊదాలి. ఆపదలో ఉన్నామని ఆల్ప్స్ కొండల్లో మొదలైన సంకేతం ఇది. విన్నవారు నిమిషంలో మూడుసార్లు ఊది జవాబిస్తారు. మాటలు అలసిపోతాయి, ఈల అలసిపోదు.

ఇంటిదగ్గర చేయడానికి ఒక లెక్క. ఒక సున్నపురాతి కొండ మీద 3 చదరపు కిలోమీటర్ల మేర 8 సెంటీమీటర్ల వాన కురిసింది. సగం నీటిని మట్టి, చెట్లు పట్టుకున్నాయి. మిగతా సగం 6 చదరపు మీటర్ల వైశాల్యం గల సొరంగం గుండా సెకనుకు 2 మీటర్ల వేగంతో నిండుగా పారుతోంది. మొత్తం పోవడానికి ఎంతసేపు పడుతుంది? జవాబు 2 గంటల 46 నిమిషాల 40 సెకన్లు రావాలి. వచ్చిన తరువాత ఇంకో ప్రశ్న మీ మాస్టారిని అడగండి: మట్టి పట్టుకున్న ఆ సగం నీరు ఎప్పుడు, ఎటు పోతుంది?